నల్ల ఇంటూలు

13-6-2002, గురువారం. కాశీబుగ్గ

మనోహర్ బావ పోయి నాలుగు రోజులు.

జీడి కంపెనీ వాళ్లు జనవరిలో పంచిన డైరీ ఇది. ఆరు నెలలుగా ఖాళీగా పడుంది. రాయడం నా పని కాదు కదా. నా పని దిద్దడం. బావ పెన్సిల్‌తో బొమ్మ వేస్తాడు. దాని మీద నేను నల్ల ఇంకుతో దిద్దుతాను. ఇంకు ఆరాక కింద ఉన్న పెన్సిల్ గీతలన్నీ రబ్బరుతో చెరిపేస్తాను. పదహారేళ్లుగా ఇదే. మొదట గోడల మీద సబ్బుల ప్రకటనలు, తర్వాత విజయవాడ పిల్లల పత్రికలో బొమ్మల సీరియల్, అయిదేళ్లుగా చెన్నై స్టూడియో ద్వారా అమెరికా కామిక్ పుస్తకం.

అమెరికాలో బొమ్మ వేసేవాణ్ని పెన్సిలర్ అనీ, దిద్దేవాణ్ని ఇంకర్ అనీ అంటారు. ఇద్దరి పేర్లూ పుస్తకంలో వేస్తారు. మా వీధిలో మాత్రం నేను దిద్దుడు మాస్టారిని. పలక మీద అ ఆలు దిద్దడానికి మాస్టారెందుకు, ఒకటో తరగతి పిల్లలు చాలు. ఎవరూ పైకి అనరు గానీ వాళ్ల నవ్వులో ఆ మాట ఉంటుంది.

బావ ఎప్పుడూ అలా నవ్వలేదు. "నాను రాత్తాను, నువ్వు దిద్దు. నాను రాసింది తప్పయితే నువ్వే దిద్దాల" అనేవాడు. బొమ్మ వెయ్యడాన్ని మావాళ్లు రాయడమనే అంటారు.

ఏడుపు రావడం లేదు. అక్క నా ముఖం చూసి తలతిప్పుకుంది.

16-6-2002

చెన్నై స్టూడియో నుంచి వర్గీస్ ఫోన్ చేశాడు. ఎస్‌టీడీ బూత్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి పిలిచాడు. మొదట సారీ, వెరీ సారీ అన్నాడు. తర్వాత ఆఖరి సంచిక పేజీలు ఎక్కడున్నాయి అన్నాడు. నా దగ్గరే ఉన్నాయన్నాను. అబద్ధం. అక్క దగ్గరున్నాయి. జూలై అయిదుకల్లా పంపాలి.

ఇది దెయ్యాల పుస్తకం. ఎప్పుడూ మంచు పడే ఒక అమెరికా ఊరు. అక్కడ చచ్చిపోయినవాళ్లు కిటికీల్లోంచి బతికున్నవాళ్లను చూస్తూ ఉంటారు. మేమిద్దరం మంచు ఎప్పుడూ చూడలేదు. బావ నౌపడ వెళ్లి ఉప్పు మడుల గట్టు మీద రెండు రోజులు కూర్చుని మంచు వేశాడు. అమెరికావాళ్లు ఆ మంచును తెగ మెచ్చుకున్నారు.

ముఖాలనే మెచ్చుకోలేదు. ఫిబ్రవరిలో ఫ్యాక్స్ వచ్చింది. ఏడో సంచికలో మంగలి షాపు పై కిటికీలో ముక్కుకి నత్తు పెట్టుకున్న ఈ ముసలమ్మ ఎవరు, మా ఊళ్లోకి ఎలా వచ్చింది అని. చదివి వినిపిస్తే, మంచం మీద వాచిన కాళ్లు చాపుకుని ఉన్న బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆళ్లు వాడే ఇంకు పేరేటిరా?"

"ఇండియా ఇంకు."

"మరి? ఇంకు పనికొచ్చింది, మొకాలు పనికిరాలేదేటి?"

నాకు నవ్వు రాలేదు. ఇంకోసారి అలాంటి ముఖం కనబడితే పుస్తకం వేరేవాళ్లకి ఇచ్చేస్తారని కూడా ఆ ఫ్యాక్స్‌లో ఉంది. ఆఖరి సంచిక శుభ్రంగా ఇస్తే కొత్త పుస్తకానికి నన్ను ఒక్కణ్నే ఇంకర్‌గా తీసుకుంటామని వర్గీస్ విడిగా చెప్పాడు. ఆ మాట బావకు చెప్పలేదు. కిడ్నీలు పోయి క్రియాటినిన్ పదకొండు ఉన్నవాడికి ఏం చెప్తాం?

20-6-2002. పన్నెండో రోజు

పెద్దకర్మ అయింది. వజ్రపుకొత్తూరు బస్సులో నిలబడే వెళ్లాను. దారంతా జీడితోటలు, కొబ్బరిచెట్లు. ప్రతి ఊరి మొదట్లోనూ ఎవరింటి ముందో ఒక షామియానా. మా ఉద్దానంలో షామియానా వేస్తే పెళ్లా అని ఎవరూ అడగడం లేదు ఇప్పుడు. కిడ్నీయేనా అని అడుగుతారు.

అన్నాలయ్యాక అక్క లోపలికి పిలిచి, పాలిథిన్ సంచిలో చుట్టిన ఆఖరి సంచిక పేజీలు, ఇరవై రెండు అట్టలూ చేతికిచ్చింది.

"ఇశాపట్నం ఆస్పత్రిలో డయాలసిస్ మంచం మీద కూడా ఏసినాడు తమ్ముడూ. ఎడం సెయ్యి గొట్టాలకిచ్చీసి కుడి సేత్తో ఏసినాడు. నీకేటైనా సెప్పినాడా వీటి గురించి?"

"లేదు."

"తిరపతికి సెప్పక్కర్లేదులే, సూత్తే తెలుసుకుంటాడు అన్నాడు."

పెరట్లో విస్తళ్లు ఎత్తుతున్న ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు. అట్టల వైపు చూస్తున్నారేమో కూడా. నాకెందుకో తొందరగా బస్సెక్కేయాలనిపించింది.

21-6-2002

పేజీలు చూశాను. బాగా వేశాడు. ఇంకేమీ రాయాల్సింది లేదు. వాన లేదు.

22-6-2002

మా పనిలో ఒక గుర్తు ఉంది. నలుపు నింపాల్సిన చోట బావ చిన్న ఇంటూ మార్కు పెడతాడు. బడిలో ఇంటూ పెడితే తప్పు అని అర్థం. మా దగ్గర ఇక్కడ చీకటి నింపు అని అర్థం. ప్రపంచంలో ఇంకర్లందరికీ ఇదే గుర్తట. ఇంటూలు బావ నీలం పెన్సిల్‌తో పెడతాడు, నీలం అచ్చులో పడదని.

ఈ పేజీల్లో కిటికీలన్నిటికీ ఇంటూలు ఉన్నాయి. ఈసారి నల్ల పెన్సిల్‌తో పెట్టాడు. నీలం అయిపోయి ఉంటుంది. కిటికీల్లో సన్నగా ముఖాల్లాంటి గీతలేవో కూడా ఉన్నాయి గానీ, వేద్దామనుకుని మానేసి ఉంటాడు. ఇంటూ ఉంటే నింపాల్సిందే. పదహారేళ్లలో బావ ఇంటూని నేను ఎప్పుడూ కాదనలేదు.

25-6-2002

మూడో పేజీ. రొట్టెల కొట్టు మేడ మీద కిటికీ. ఇంటూ ఉంది, నింపాను.

అయిదో పేజీ. స్టేషన్ కిటికీ. ఇంటూ ఉంది, నింపాను.

ఆరు. చర్చి పక్క ఇల్లు. ఇంటూ ఉంది, నింపాను.

27-6-2002

పొద్దున్న పదకొండు గంటలకి ఎండ బల్ల మీద ఏటవాలుగా పడుతుంది. ఇంకు ఆరిందో లేదో ఆ వెలుగులోనే తెలుస్తుంది. మూడో పేజీ ఎత్తి ఎండకి పట్టాను. నల్లటి కిటికీలో ఏదో మెరిసింది. కాస్త వంచితే చెంప. ఇంకాస్త వంచితే కన్ను.

ఇందులో మాయేమీ లేదు. బావ పెన్సిల్ గట్టిగా నొక్కి వేస్తాడు, ఆ సీసం ఇంకు కింద మెరుస్తుంది. ఇంకో పూత వేశాను. ఆరాక మళ్లీ పట్టి చూశాను. ఇంకా ఉంది. మూడో పూత వేశాను.

తెల్లటి భాగాల్లో పెన్సిల్ గీతలు చెరిపాను. రబ్బరు పొడి ఎప్పుడూ చేత్తో కిందకి తుడిచేస్తాను. ఈసారి ఊడ్చేయబుద్ధి కాలేదు. అది బావ చేతి గీతల పొడి. హార్లిక్స్ సీసాలో పోసి మూత పెట్టాను. చూస్తే ఎవరైనా పిచ్చి అనుకుంటారు, అందుకని అలమారలో వెనక్కి తోశాను.

30-6-2002

పద్నాలుగు పేజీలు అయ్యాయి. ఇంటూ ఉంది, నింపాను. ఇంటూ ఉంది, నింపాను.

బజారుకి వెళ్తే బెల్లం కొట్టు దగ్గర ఒకతన్ని చూసి ఆగిపోయాను. ఆ దవడ నాకు తెలుసు. తొమ్మిదో పేజీలో నింపింది ఆ దవడే. అతను బతికే ఉన్నాడు, బెల్లం బేరమాడుతున్నాడు. అన్నదమ్ములెవరికైనా పోలిక ఉండొచ్చు. అసలు అది ముఖమే కాదు, గీతలు.

4-7-2002

అంతా అయింది. ఇరవై రెండో పేజీ ఒక్కటే భయపెట్టింది. ఊరి చివర ఇల్లు, పై కిటికీలో బావ. మీసంతో సహా బావే. ఎదురుగా నన్నే చూస్తున్నాడు. ఆ కిటికీకి ఇంటూ లేదు. మరిచిపోయి ఉంటాడు.

ఇంటూ లేనిచోట నింపకూడదు. కుంచె పెట్టి కనుబొమ్మ, ముక్కు, మీసం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దిద్దాను. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ దిద్దలేదు.

5-7-2002

కొరియర్‌లో పంపేశాను. హమ్మయ్య.

9-7-2002, మంగళవారం

ఇవాళ పొద్దున్న గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. అరవై ఏళ్లుంటాయి. నోరు తెరవకముందే ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ నుదురు, ఆ కళ్లు నాకు తెలుసు. మూడో పేజీ, మూడు పూతలు.

"నూకాలమ్మనంతారు బాబూ. మనోర్ బాబు ఊరే. సన్నాసయ్య వాళ్లమ్మని."

కూర్చోమంటే కుర్చీలో కూర్చోలేదు, గడప మీద కూర్చుంది. పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వస్తుందట. జీడి రసానికి వేళ్లన్నీ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. నా వేళ్ల వైపు చూసి, "నువ్వూ పిక్కలు కొడతావేటి?" అంది. ఇంకు అని చెప్పాను.

కొడుకు సన్యాసయ్య మార్చిలో పోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. సెంట్రింగ్ పనికి భువనేశ్వర్ వెళ్లేవాడు. ఓటరు కార్డుల ఫోటోలు తీసిన రోజున కూడా అక్కడే ఉన్నాడు. పెళ్లి కాలేదు గనక పెళ్లి ఫోటో కూడా లేదు. వాడి ముఖం ఉన్న కాగితం భూమ్మీద ఒక్కటీ లేదు.

"మనోర్ బాబు మా వాకిట్లో కూకుని నాలుగు రోజులు రాసినాడు. నాను సెప్తాంటే ఆడు రాసినాడు. సెవి ఇంకా కిందకుంటాది బాబూ అంటే సెరిపి మల్లా రాసినాడు. ఆకరికి మావోడు వచ్చీసినాడు! అమెరికా పుస్తకంలో రొట్టెల కొట్టు మేడ మీద ఎడతానన్నాడు. ఓపాలి సూపించవా?"

పేజీలు అమెరికా వెళ్లిపోయాయని చెప్పాను. అది నిజమే. పుస్తకం అచ్చయి వచ్చాక చూపిస్తానన్నాను. అది కూడా, ఒక విధంగా, నిజమే.

"ఎన్నాళ్లు పడతాది?"

"నాలుగైదు నెలలు."

"పోనీలే. ఆడెక్కడికీ పోడు కదా" అని లేచింది. వాకిట్లో దాకా వెళ్లి మళ్లీ తిరిగి, "సెవి సరిగా ఉన్నాదా?" అంది.

ఉంది అన్నాను.

10-7-2002

ఇంటూలు పెట్టింది బావ. నేను నింపాను. నా తప్పేమిటి ఇందులో?

11-7-2002

నా తప్పేమీ లేదు.

28-7-2002, ఆదివారం

జూలై అయిపోవస్తున్నా చినుకు లేదు. అక్క వచ్చింది. బావ సామాన్లు సర్దుతుంటే బొమ్మల డబ్బా దొరికిందట, నీకే పనికొస్తుందని తెచ్చింది. రబ్బరు ముక్కలు, చెక్కుడు బ్లేడు, రెండు పెన్సిళ్లు. అడుగున నీలం పెన్సిల్. అది అయిపోలేదు. జానెడు ఉంది.

డబ్బా మూతలో క్యాలెండర్ కాగితం ఒకటి మడిచి ఉంది. అక్క దాన్ని విప్పి చదవమంది. దాని వెనకాల బావ చేతిరాత.

3. సన్యాసయ్య
5. సూరమ్మ, ఎండుచేపలు
6. తవిటయ్య మావ
7. తవిటయ్య మావ పెద్దకొడుకు

అలా కిందకి, పేజీకి ఒకటో రెండో చొప్పున, పందొమ్మిది పేర్లు. అందరూ ఈ నాలుగైదేళ్లలో అదే జబ్బుతో పోయినవాళ్లు. ఫోటో లేనివాళ్లనే ఏరి వేశాడట, అక్క చెప్పింది. మంచం మీంచి లేవగలిగినన్నాళ్లూ ఇల్లిల్లూ తిరిగి, వాళ్లవాళ్లు చెప్తే వేసుకొచ్చాడు. ఆఖర్న:

22. నేను

దాని కింద ఇంకో వాక్యం ఉంది. 'తిరపతికి చెప్పక్కర్లేదు. వాడికి దిద్దడం తెలుసు.'

"ఏటలాగున్నావు? మంచినీళ్లు తెమ్మంటావా?" అంది అక్క.

ఏమీ లేదన్నాను. ఏమీ లేదు, ఏమీ లేదు అని మూడుసార్లు అన్నాను. అక్క వెళ్లేదాకా నీలం పెన్సిల్ మీద నుంచి అరచెయ్యి తియ్యలేదు.

29-7-2002

21వ తేదీన రాయాల్సిందేమీ లేదని రాశాను. ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని పేజీలన్నీ నేల మీద పరిచాను. మొదటి కిటికీ చూడగానే తెలిసిపోయింది. సూరమ్మను గుర్తుపట్టాను. ప్రతి ఆదివారం మా అమ్మకి ఎండు నెత్తళ్లు తెచ్చిచ్చేది, తూకం వేశాక ఇంకో గుప్పెడు ఊరికే పడేసేది. తవిటయ్య మావను గుర్తుపట్టాను. మిగిలినవాళ్ల పేర్లు తెలియకపోయినా అవి ఎవరి ముఖాలో, ఎక్కడి ముఖాలో తెలిసింది. బావ ఇంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. ఒక్క కిటికీకీ ఇంటూ లేదు.

నాకు ఫ్యాక్స్ గుర్తొచ్చింది. కొత్త పుస్తకం గుర్తొచ్చింది. పుస్తకం అట్ట మీద ఒక్కడి పేరు ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. రాసింది తప్పయితే నువ్వే దిద్దాల అన్నాడు కదా అనుకున్నాను. నా పెన్సిల్ తీసి పందొమ్మిది కిటికీలకు పందొమ్మిది ఇంటూలు పెట్టాను. నా దగ్గర నీలం లేదు. నల్లదే ఉంది.

ఇరవై రెండో పేజీకి కూడా పెట్టబోయాను. బావ చూస్తున్నాడు. పెట్టలేకపోయాను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి అవి బావ పెట్టిన ఇంటూలు అయిపోయాయి. నేనే నమ్మాను. ఈ డైరీ ఎవరూ చూడరు, మరి ఎవరి కోసం అబద్ధం రాశానో నాకే తెలియదు.

దిద్దడం అంటే రాసినదాని మీద రాయడం. దిద్దడం అంటే తప్పు సరిచేయడం కూడా. బావ ఒకటి అనుకుని రాశాడు. నేను రెండోది చేశాను.

14-8-2002

వర్గీస్ ఫోన్. గొంతులో పండగ. అమెరికా ఎడిటర్‌కి ఆఖరి సంచిక విపరీతంగా నచ్చిందట. ముఖ్యంగా ఆ నల్ల కిటికీలు. లోపల ఎవరో ఉన్నారనిపిస్తుంది గానీ కనబడరు, ఒళ్లు జలదరించింది అన్నాడట. ఆఖర్న ఒక్క ముఖం కనబడేసరికి ఇంకా భయమేసిందట. ఇన్నాళ్లూ ముఖాలు ఎందుకు చూపించారు, ఇలాగే చేయాల్సింది కదా అన్నాడట.

"ఐడియా ఎవరిది, నీదా? మనోహర్‌దా?"



నాదే అన్నాను.

కొత్త పుస్తకం నాకే. అడిగిందంతా వచ్చింది.

6-9-2002

కొత్త పుస్తకం పేజీలు వచ్చాయి. ఎవరో అమెరికా పెన్సిలర్. గీత చాలా శుభ్రంగా ఉంటుంది, ఎక్కడా తడబడడు. ఇంటూలు కూడా అచ్చు వేసినట్టు ఉంటాయి.

మొదటి పేజీలో ఒక వంతెన కింద నలుపు నింపాలి. కుంచె ముంచి, పెట్టబోయి, ఆగాను. ఇంటూ కింద ఎవరైనా ఉన్నారేమోనని భూతద్దం పెట్టి వెతికాను. ఎవరూ లేరు. అయినా నింపలేకపోయాను. పేజీని ఎండకి అటు వంచి, ఇటు వంచి చూస్తూ కూర్చున్నాను. సూర్యుడు కిటికీ దాటి వెళ్లిపోయాడు.

19-9-2002

మూడు పేజీలు. రెండు వారాలకి మూడు పేజీలు.

2-10-2002

ఇవాళ బజారుకి వెళ్లలేదు. వెళ్తే అందరూ పోలికలే.

నూకాలమ్మ పని నుంచి వెళ్తూ మా వీధిలోంచే వెళ్తుంది. వాకిలి ముందు ఒక్క క్షణం ఆగుతుంది, పిలవదు. నేను తలుపు వెనక ఉంటాను. పిలిస్తే బాగుండును. తిడితే ఇంకా బాగుండును.

20-10-2002

వర్గీస్ ఫోన్లు. జ్వరం అన్నాను.

11-11-2002

కొత్త పుస్తకం పేజీలు తిప్పి పంపేశాను. వేరేవాళ్లకి ఇచ్చుకోమన్నాను. పెన్సిల్ మనిషి దొరకడం కష్టంగాని ఇంకర్‌కేం కొదవ అని వర్గీస్ అన్నాడు. తిట్టాననుకున్నాడు. అది నాకు ఎప్పటినుంచో తెలిసిన మాటే.

3-12-2002, మంగళవారం

అమెరికా నుంచి పెద్ద కవరు వచ్చింది. అచ్చయిన పుస్తకాలు పది, వాటితో పాటు అసలు పేజీలు కూడా. పని అయ్యాక అసలు బొమ్మలు వేసినవాళ్లకే తిప్పి పంపడం అక్కడి ఆచారం. మూడింట రెండు వంతులు పెన్సిలర్‌వి, ఒక వంతు ఇంకర్‌ది. ఎవరివి ఏవో స్టూడియోవాళ్లు చీటీ కూడా పెట్టారు. మూడో పేజీ నా వంతులో వచ్చింది.

4-12-2002

బ్లేడుతో గీకాను. తెల్లవారినప్పటినుంచి మధ్యాహ్నం దాకా, ఒక్కొక్క పొరగా. మూడో పూత పోయింది. రెండోది పోయింది. మొదటిది పోతుంటే కింద సీసం గీత కూడా నల్లపొడి అయి వచ్చేసింది. కంటి దగ్గర ఇంకా జాగ్రత్తగా గీకాను. అక్కడ అట్ట చిరిగింది. రొట్టెల కొట్టు మేడ మీద కిటికీలో కన్నం పడింది. అందులోంచి నా బల్ల చెక్క కనబడుతోంది.

మిగిలిన పద్దెనిమిదింటినీ ముట్టుకోలేదు.

అప్పుడు ఏడుపొచ్చింది. బావ కోసమే. ఆరు నెలలు ఆలస్యంగా.

8-12-2002, ఆదివారం

అన్నీ సంచిలో పెట్టుకుని ఊరికెళ్లాను. ముందు అక్కకి చెప్పాను. అంతా విని, ఇరవై రెండో పేజీ తీసుకుని, దాన్ని పమిటతో తుడిచి, ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. గుమ్మంలో కాసేపు నిలబడి నూకాలమ్మ ఇంటికెళ్లాను.

వాకిట్లో చాప మీద చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే చేతులు కడుక్కుంది.

"వచ్చీసిందేటి పుస్తకం?"

పుస్తకం తీసి మూడో పేజీ తెరిచాను. రొట్టెల కొట్టు చూపించాను. ఆవిడ దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"సీకటిగున్నాది బాబూ. నా కళ్లు కనపడటం లేదేమో. ఆడెక్కడున్నాడు?"

"ఆ చీకట్లోనే ఉన్నాడమ్మా. మీ కళ్ల తప్పు కాదు. బావ సరిగానే వేశాడు. నేనే నలుపు నింపేశాను."

"తెలీక నింపీసినావేటి?"

అవును అంటే సరిపోయేది. ఆవిడే నాకు దారి చూపించింది.

"తెలిసే నింపాను. మన ముఖాలుంటే నాకు పని ఇవ్వం అన్నారు."

ఆవిడ ఆ నల్ల కిటికీ మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. జీడి రసానికి కమిలిన వేలు. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పుస్తకం మూసి నా ఒళ్లో పడేసింది.

"మావోడు రెండుసార్లు సచ్చిపోనాడన్నమాట."

చింతపండు గింజలు మళ్లీ తియ్యడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, చాటలో పడుతున్న చప్పుడు. చెయ్యి ఆపి అడిగింది.

"పెన్సిలున్నాదా?"

"ఉంది. కానీ నాకు బొమ్మ వేయడం రాదమ్మా. ఎవరైనా వేస్తే దాని మీద దిద్దడమే వచ్చు."

"మనోర్ బాబుకి మావోడు తెలుసేటి? నాను సెప్తే రాసినాడు. నీకూ సెప్తాను. రాయి. తప్పయితే నాను దిద్దుతాను."

నీలం పెన్సిల్ తీశాను. పదహారేళ్లలో తెల్లకాగితం మీద మొదటి గీత నేను గియ్యడం ఇదే. ఆవిడ చెప్తూ ఉంది. నుదురు ఎడల్పు. కనుబొమ్మలు కలవవు. ముక్కు మరీ సన్నం కాదు. నవ్వితే ఎడం పక్కకి నవ్వుతాడు. నేను వేస్తూ ఉన్నాను. వేళ్లు ఎటు పోవాలో తెలిసినట్టే పోతున్నాయి. ఆశ్చర్యంగా అనిపించింది, సంతోషం కూడా వేసింది. చివరికి కాగితం ఆవిడ వైపు తిప్పాను.

చాలాసేపు చూసింది.

"బాగున్నాది. కానీ మావోడు కాదు బాబూ. ఈడు మనోర్ బాబు."

కాగితం నా వైపు తిప్పుకున్నాను. బావే. ఎదురుగా నన్నే చూస్తున్నాడు.

ఇంకో కాగితం తీశాను. ఆవిడ మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ముక్కు మార్చాను, మీసం తీసేశాను. అయిపోయాక చూస్తే మీసం లేని బావ. మూడో కాగితం ఆవిడ చెప్పినంతా కళ్లు మూసుకుని విని వేశాను. మళ్లీ బావే. నా చేతికి తెలిసిన దారి ఒక్కటే, అది బావ గీసిన దారి. ఆ చేత్తో ఎవరిని పిలిచినా వాడే వస్తున్నాడు.

చెయ్యి దానంతట అదే ఇంటూ పెట్టడానికి కాగితం మీదకి వెళ్లింది. మొదటి గీత పడకముందే నూకాలమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆడిని కొట్టీకు. ఆడినీ సంపీత్తావేటి? మీ అక్క సుదమ్మకిచ్చీ, ఎట్టుకుంటాది."

మూడు కాగితాలూ తీసి పక్కన పెట్టింది. గాలికి ఎగిరిపోకుండా వాటి మీద చింతపండు చాట పెట్టింది.

"ఇంకోటి తియ్యి. ఈపాలి మొకం కాడ మొదలెట్టీకు. సెవి కాడ మొదలెట్టు. మావోడి సెవి కిందకుంటాది, సెప్పినాను కదా."

నాలుగో కాగితం తీశాను. చెవి దగ్గర మొదలుపెట్టాను.